కొంగకి తెలుగు వచ్చు

2014 ఆగస్టు 3

ఈ నోట్‌బుక్ తెలుగులో రాస్తున్నాను. కారణం భాషాభిమానం కాదు. అక్కకి తెలుగు చదవడం రాదు. చిన్నప్పుడు ఆదివారం తెలుగు క్లాసులకి అమ్మ ఇద్దర్నీ పంపేది. అక్క సంచీలో పలక తీసేసి బంతి పెట్టుకుని సందు మలుపులో మాయమయ్యేది. నేను బుద్ధిగా కూర్చుని గుణింతాలు దిద్దాను. ఇన్నాళ్లకి ఆ బుద్ధి అక్కరకొచ్చింది. అక్క బిందుమాధవి గారు ఈ నోట్‌బుక్ ఎక్కడ దొరికినా తిరగేసి, బొమ్మలు లేవని పడేస్తారు.

బాస్కెట్‌బాల్‌లో భిలాయి జట్టు చేతిలో ఇవాళ మళ్లీ ఓడిపోయాం. ఇది వరసగా ఐదోసారి. కారణం ఒక్కటే, ఏడో నంబరు. పేరు చాందిని. బారెడు కాళ్లు, ముందుకి సాగిన మెడ. మేం కొంగ అంటాం. మేం వేసే ప్రతి పాసుకీ మధ్యలో వచ్చి వాలుతుంది. వాలి, బంతి లాక్కుని, పోతూ పోతూ ఒక నవ్వు నవ్వుతుంది. ఓడిపోయినందుకు కాదు, ఆ నవ్వుకి నాకు ఒళ్లు మండుతుంది.

ఎలా పసిగడుతుందో దేవుడికే తెలియాలి. అక్కా నేనూ కోర్టులో తెలుగులోనే అరుచుకుంటాం. ‘ఎనక్కియ్యి’ అంటే వెనకున్న దానికి పాస్. ‘గోడకి కొట్టు’ అంటే బోర్డుకి తగిలేలా వెయ్యమని. ‘కొంగొచ్చింది’ అంటే ఇంక చెప్పక్కర్లేదు. అందరూ హిందీ మాట్లాడే రాయపూర్‌లో ఎదుటి జట్టుకి ఏం అర్థమవుతుంది? నాన్న దీన్ని మిలటరీ రహస్యం అంటాడు. అక్క కనిపెట్టింది కాబట్టి కాలర్ ఎగరేసుకుని తిరుగుతుంది.

ఆగస్టు 4

బట్టలు ఉతికాను. ఇద్దరివీ.

ఆగస్టు 5

నిన్న కోపంలో సగమే రాశాను. రైల్వే కాలనీ కోర్టులో రోజూ పొద్దున్నే అక్కా నేనూ ఒకరి మీద ఒకరం ఆడతాం. ముందు పదకొండు పాయింట్లు చేసినవాళ్లు గెలిచినట్టు. ఓడినవాళ్లు ఆ రోజు ఇద్దరి బట్టలూ ఉతకాలి. ఈ ఏర్పాటు మొదలై ఆరేళ్లయింది. అక్క చేతులు ఇప్పటికీ మెత్తగానే ఉన్నాయి.

ఆగస్టు 10

ప్రేమ్‌చంద్ సర్ ఇవాళ అందర్నీ కూర్చోబెట్టి చెప్పారు. నవంబర్‌లో రాష్ట్ర జట్టు సెలెక్షన్. ఆట నడిపించి పాసులిచ్చే పాయింట్ గార్డులు ఇద్దరు కావాలి. ఒకటి చాందినికి ఖాయమట. రెండోదానికి మా వైపు నుంచి ఇద్దరి పేర్లు పంపారు. అక్కదీ, నాదీ.

ఇంటికొచ్చాక నాన్న టీ తాగుతూ, “బిందూ, నీకు ఇరవై రెండొచ్చినాయి. ఈ ఏడాది జట్టులోకి వస్తే ఆడుకో, నేనేమీ అనను. రాలేదా, బ్యాంకు కోచింగ్‌లో చేరిపోవాలి. సరేనా అమ్మా?” అన్నాడు. రైల్వే వ్యాగన్ షాపులో ముప్పై ఏళ్లు చేసినవాడు. మాట అంటే రివెట్ కొట్టినట్టే. అక్క సరేనంది.

నాకు పంతొమ్మిదే. నాకు ఇంకా చాలా ఏళ్లున్నాయి. అందుకని ఆ చోటు అక్కకే రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను.

నిజంగానే.

ఆగస్టు 24

ఇవాళ జరిగింది వివరంగా రాసుకోవాలి. రేపు నేనే నమ్మకపోవచ్చు.

భిలాయి వాళ్లు మా కోర్టుకే వచ్చారు. మామ్మ దిండూ, జంతికల డబ్బా పట్టుకుని మెట్ల మీద చేరింది. బొబ్బిలి నుంచి వచ్చి నెలయింది, ఒక్క మ్యాచ్ వదల్లేదు. ఎవరు గెలుస్తున్నారో తెలియదు గానీ చప్పట్లు మాత్రం అందరికంటే గట్టిగా కొడుతుంది. రెండో సగంలో నాకు ఐదు ఫౌళ్లు అయిపోయి బయటికి పంపేశారు. వెళ్లి మామ్మ పక్కన కూలబడ్డాను.

మామ్మ జంతిక విరుస్తూ, “గుంటా, ఆ ఏడో నెంబరు పిల్ల ఎవరనుకున్నావు?” అంది.

“కొంగ.”

“కొంగ కాదే. అదిగో, ఆ మూల కూకుంది సూడు, తాయారమ్మ. దాని మనవరాలు. టెక్కలోలు.”

“టెక్కలేమిటి మామ్మా, భిలాయి పిల్ల అది.”

“భిలాయి ఇప్పుడు. ఆల తాత స్టీలు ప్లాంటులో సేరినాడు, అక్కడే ఉండిపోనారు. ఇంట్లో మనలాగే తెలుగు. ఇందాకల వొచ్చి నా కాళ్లకి దండం ఎట్టింది. ‘బాగున్నారా మామ్మా’ అంది. ఎంత సక్కగా మాటాడతాదో! మీకంటే నయం.”

నా నోట్లో జంతిక అలాగే ఉండిపోయింది.

మూడేళ్లు! మూడేళ్లుగా ఆ పిల్ల ముందు మేం అరిచిన ప్రతి మాటా దానికి అర్థమైంది. ఒక్క ఆట మాటలేనా? రెండేళ్ల కిందట టోర్నమెంట్ మొదలయ్యే రోజు రెండు జట్లూ పక్కపక్కన వరసల్లో నిలబడ్డప్పుడు, దానికి మూరెడు దూరంలో నిలబడి నేను అక్కతో, “ఆ ముక్కు చూడవే, గేటు గడియలా ఉంది. లాగితే తెరుచుకుంటుందేమో” అన్నాను. అది నా వైపు తిరిగి నవ్వింది. పాపం, అమాయకురాలు, ఏమీ తెలియక నవ్వుతోందనుకున్నాను.

ఎదురుగా కోర్టులో అక్క “ఎనక్కియ్యి” అని అరిచింది. కొంగ వెనక్కే వచ్చి బంతి పట్టుకుపోయింది.

మ్యాచ్ అవగానే చెబుదామనుకున్నాను. అక్క పాసులు ఐదు పోయాయి, ముఖం మాడిపోయి ఉంది. రేపు చెబుతాను.

ఆగస్టు 25

అక్కకి తలనొప్పి. చెప్పలేదు.

ఆగస్టు 27

ఎల్లుండి వినాయక చవితి. పండగ ముందు ఇలాంటి కబుర్లు మంచివి కావు.

ఆగస్టు 29

భోజనాల దగ్గర మామ్మ ఉన్నట్టుండి, “అన్నట్టు బిందూ, ఆ టెక్కలి తాయారమ్మ లేదూ…” అని మొదలుపెట్టింది. నేను రెండు ఉండ్రాళ్లు తీసి మామ్మ ఆకులో వేశాను. వద్దు వద్దంటూనే వాటిని తినడంలో పడి మరిచిపోయింది. అందరూ నన్ను మెచ్చుకున్నారు, పెద్దావిడ్ని ఎంత బాగా చూసుకుంటుందో అని.

సెప్టెంబర్ 2

మామ్మ ఊరెళ్లిపోయింది.

ఒకవేళ మామ్మ పొరబడిందేమో? క్రితం ఏడాది రైల్లో టీటీని పట్టుకుని మా చిన్నాన్న అనుకుని, పెళ్లెప్పుడు చేసుకుంటావురా అని నిలదీసింది. అలాంటి మనిషి మాట నమ్మి అక్కని కంగారు పెట్టడం బాధ్యత గల పని కాదు.

సెప్టెంబర్ 14

నేను కోర్టులో మాట్లాడటం మానేశాను. అక్క అడిగితే గొంతు నొప్పి అన్నాను. అమ్మ మూడు పూటలా మిరియాల పాలు ఇస్తోంది. నిజంగానే గొంతు మండుతోంది.

భిలాయి వాళ్లతో ప్రాక్టీస్ మ్యాచ్. అక్క పాసులు ఆరు పోయాయి. నావి ఒకటి. ప్రేమ్‌చంద్ సర్ నా భుజం తట్టి, “షాబాష్ లహరీ, ఇప్పుడు బుర్ర పెట్టి ఆడుతున్నావు” అన్నారు. సర్ ఎవర్నీ ఊరికే మెచ్చుకోరు. నాకు సంతోషం వేసింది. వేసిందని రాయడానికి సిగ్గెందుకు?

సెప్టెంబర్ 28

ఇవాళ ఇంటికి నడిచి వస్తుంటే అక్క అడిగింది. “లహరీ, నా పాసుల్లో ఏటి తప్పు వస్తందే? నువ్వు పక్కనుంచి చూస్తన్నావు గదా, సచ్ బోల్.”

నిజం చెప్పమంటోంది. “కొంచెం స్పీడు తగ్గినట్టుంది” అన్నాను.

సాయంత్రం డాబా మీద తాడు పట్టుకుని ఐదువందలు గెంతింది. కింద నా పక్క మీద పడుకుని ఆ చప్పుడు వింటూ లెక్కపెట్టాను. నాలుగువందల డెబ్బై దగ్గర కాలు తడబడింది. మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.

అక్టోబర్ 5

కొంగకి తెలుగు వచ్చా అని అక్క నన్ను ఎప్పుడూ అడగలేదు. అడిగితే వచ్చనే చెబుతాను. అబద్ధం ఆడను.

అక్టోబర్ 26

దీపావళి అయిపోయింది. మళ్లీ పండగ పేరు చెప్పి తప్పించుకోవడానికి సంక్రాంతి దాకా ఏమీ లేదు.

నవంబర్ 8

సెలెక్షన్ మొదటి రోజు. అక్కనీ నన్నూ ఒకే జట్టులో వేశారు. ఎదుట చాందిని. నేను నోరు విప్పలేదు. అక్క మామూలుగానే అరిచింది. ఏడు పాసులు పోయాయి. ఏడో పాస్ పోయినప్పుడు సెలెక్టర్లలో ఒకాయన పక్కాయన వైపు తిరిగి తల అడ్డంగా ఊపడం నేను చూశాను. అక్క కూడా చూసింది.

ఇంటికొచ్చి స్నానం కూడా చెయ్యకుండా మళ్లీ కాలనీ కోర్టుకి పోయింది. అమ్మ పిలుచుకురమ్మంటే వెళ్లాను. పంపుహౌస్ గోడ మీద సుద్దతో గుండ్రంగా గీసుకుని దానికేసి పాసులు కొడుతోంది. వంద కొడితే తొంభై అయిదు ఆ గుండ్రంలోనే పడుతున్నాయి. కుడిచేతి వేళ్లు వాచిపోయి ఉన్నాయి.

“అక్కా, చాలు రావే.”

“చేతులు పోయినాయే లహరీ. గోడకైతే సరిగ్గానే తగులుతోంది. మనుషులకి ఇవ్వలేకపోతన్నాను.” బంతి చంకలో పెట్టుకుంది. “నాన్నకి చెప్పేద్దామా? ఆ కోచింగ్ సెంటర్ కాగితం ఎక్కడ పెట్టినాడో?”

నేను దొంగని. ఇంతకంటే మంచి మాట దొరకలేదు.

నవంబర్ 9, పొద్దున

చెప్పేశాను. అక్క మెట్ల మీద కూర్చుని బూట్ల లేసులు కట్టుకుంటోంది.

“అక్కా, చాందినికి తెలుగు వచ్చు.”

“ఏ చాందిని?”

“కొంగ. వాళ్లది టెక్కలట. మనం అరిచేదంతా దానికి తెలుసు. నీ చేతులు బాగానే ఉన్నాయి.”

లేసు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. “నీకెప్పుడు తెలిసింది?”

నిన్ననే అందామని నోరు తెరిచాను. “ఆగస్టు ఇరవై నాలుగు” అన్నాను.

అక్క వేళ్ల మీద లెక్కపెట్టింది. వాచిన వేళ్ల మీద. తర్వాత లేసు ముడివేసి లేచి, “చలియే. దేర్ హో రహీ హై” అంది.

మా ఇంట్లో అక్కకి కోపం వస్తే హిందీలోకి మారుతుంది. మామూలు కోపానికి నువ్వు అనే అర్థంలో ‘తూ’ అంటుంది. చిన్నప్పుడు నేను దాని మెడల్ పారేసినప్పుడు కూడా ‘తూ’ అనే తిట్టింది. ఆలస్యమవుతోంది, పదండి అని పరాయివాళ్లతో అన్నట్టు ‘చలియే’ అనడం ఇదే మొదలు. ఆటోలో ఇద్దరి మధ్యా బ్యాగు పెట్టింది.

నవంబర్ 9, సాయంత్రం

రెండో రోజు జట్లు మార్చారు. చాందినిని ఇంక చూడక్కర్లేదని పక్కన కూర్చోబెట్టారు. ఒక జట్టుకి నేను, ఎదుటి జట్టుకి అక్క. రెండో చోటు ఎవరిదో తేల్చడానికే ఈ మ్యాచ్ అని గేటు దగ్గర టీ అమ్మే అతనికి కూడా తెలుసు.

అక్క నోరు విప్పలేదు. కోర్టులో అక్క గొంతు లేకుండా నేను ఆడటం ఇదే మొదటిసారి. మొదటి పది నిమిషాలు ఎటు చూడాలో తెలియలేదు. ఆ గొంతు ఎదుటి జట్టులో ఉన్నా ఫరవాలేదు, తిట్టినా ఫరవాలేదు, వినబడితే చాలనిపించింది. అక్క మూడు బాస్కెట్లు వేసి నా పక్కనుంచి పోయింది, గోడ పక్కనుంచి పోయినట్టు.

తర్వాత నాకూ పౌరుషం వచ్చింది. ఆరేళ్లు పొద్దున్నే ఎవరితో ఆడాను? అక్క కుడిభుజం కిందికి దిగితే ఆగుతుంది, పైకి లేస్తే దూసుకొస్తుంది. ఎప్పుడొచ్చినా కుడివైపే వస్తుంది. ఎడమచేత్తో అక్క బంతి వేయగా మా కాలనీలో చూసినవాళ్లు లేరు. కుడివైపు కాపు కాశాను. మూడుసార్లు బంతి లాక్కున్నాను. మూడోసారి లాక్కున్నప్పుడు సెలెక్టర్ ఏదో రాసుకున్నాడు. నాకు ఆ చోటు కావాలి. ఇవాళ్టికి ఇది రాసేస్తాను. ఆగస్టు పదో తారీఖున రాసింది అబద్ధం. మొదట్నుంచీ నాకే కావాలి.

చివరి నిమిషంలో ముప్పై ఎనిమిదికి ముప్పై ఎనిమిది. బంతి అక్క చేతిలో ఉంది. ఎదురుగా నేనొక్కదాన్నే. కుడిభుజం లేచింది. నేను కుడివైపు అడ్డం పడ్డాను. అక్క ఎడమవైపు నుంచి దాటిపోయి, ఎడమచేత్తో, ఎంతో తీరిగ్గా, బంతిని లోపల వేసింది. ఈల మోగింది. నేనింకా కుడివైపే చూస్తున్నాను.

బయటికొచ్చి నీళ్ల డ్రమ్ము దగ్గర కూర్చున్నాను. పక్కన ఎవరో కూర్చున్నారు. బారెడు కాళ్లు.

“బాగా ఆడినావు” అంది చాందిని. మామ్మ చెప్పింది నిజం, మాకంటే చక్కగా మాట్లాడుతుంది.

“కొంగ అన్నందుకు సారీ” అన్నాను.

“కొంగ అన్నందుకు కోపం లేదు. మా మామ్మ కూడా అదే అంటాది. ముక్కు సంగతే కొంచెం…” అని దాన్ని తడుముకుంది. “ఇంటికెళ్లి అద్దంలో సూసుకున్నాను. గేటు గడియ అంటే మరీ అన్యాయం.”

కాసేపు భూమి చీలుతుందేమోనని చూశాను. చీలలేదు. “మా అరుపులన్నీ విని పాసులు కొట్టేసేదానివి కదా” అన్నాను చివరికి.

“మొదటి రెండు మ్యాచులు విన్నాను. తర్వాత మానేసినాను. మీరు అరిసేది నాకెందుకు? మీ అక్క ‘ఎనక్కియ్యి’ అనకముందే ఆమె కళ్లు ఎనక్కి పోతాయి. ఎటు ఇయ్యాలో ముందే అటు సూస్తాది. నువ్వూ అంతే సూసేదానివి. మీ అక్కతో గొంతు నొప్పి అన్నకాడ్నించి అరుపు లేదు గదా, తలెత్తి అందర్నీ సూడ్డం మొదలెట్టినావు. అప్పుడే నీతో కష్టమైపోయింది నాకు.” డ్రమ్ములో మగ్గు ముంచి నీళ్లు తాగింది. “ఇవాళ మీ అక్క కూడా అరవలేదు. ఆమె కూడా సూస్తంది ఇప్పుడు. వొచ్చే ఏడాది నా గతేటో!”

అంటే రెండున్నర నెలలు నేను మోసిన రహస్యం ఎవరికీ ఎందుకూ పనికిరానిది. ఎంతో విలువైందనుకుని మిరియాల పాలు తాగి మరీ దాచాను. పాపం మాత్రం పూర్తిగా దక్కింది.

నవంబర్ 10

లిస్టు అంటించారు. చాందిని, బిందుమాధవి. నా పేరు కింద, స్టాండ్‌బై అని రాసి ఉంది. నాన్న స్వీట్లు తెచ్చాడు. అక్క నాకు కూడా ఒకటి ఇచ్చింది, “లీజియే” అని. తీసుకోండట.

నవంబర్ 12

మూడు రోజుల తర్వాత ఇవాళ పొద్దున అక్క బంతి తీసుకుని బయల్దేరింది. రమ్మనలేదు, వద్దనలేదు. నేను వెనకే వెళ్లాను. రెండు ఆటలు ఆడాం. రెండూ ఓడిపోయాను. ఒకటి కుడిచేత్తో, ఒకటి ఎడమచేత్తో.

ఊపిరి తీసుకోవడానికి కూర్చున్నప్పుడు అడిగాను. “ఆ ఎడమచెయ్యి ఎక్కడిదే నీకు?”

లేసు విప్పి మళ్లీ కట్టుకుంది. తర్వాత తెలుగులోనే అంది. “మోవాలో ఒక స్కూలు కోర్టుంది. మంగళ, శుక్రవారాలు అక్కడికి పోయేదాన్ని.”

“మంగళ, శుక్రవారాలు లైబ్రరీకని చెప్పేదానివి!”

“నువ్వూ గొంతు నొప్పని చెప్పినావు.”

“ఎప్పట్నుంచి?” అన్నాను.

“జూన్ నుంచి. ఒకరోజు వాన తుంపరలో ఆడినాం, గుర్తుందా? నా మీద వరసగా నాలుగు వేసినావు. ఆట నేనే గెలిచినాననుకో. ఇంటికొచ్చి రాత్రంతా ఆ నాలుగే లెక్కెట్టుకున్నాను. ఆ మర్నాటి నుంచి.” బంతిని నేలకేసి రెండుసార్లు కొట్టింది. “నువ్వొక్కదానివే దాచుకున్నావనుకున్నావేటి?”

జూన్ అంటే నా రహస్యం కంటే రెండు నెలలు ముందు. దొంగతనంలో కూడా అక్క నాకంటే ముందే మొదలుపెట్టింది. నాకు నవ్వొచ్చింది. అక్క నవ్వకుండా చాలాసేపు ఆపుకుని, చివరికి నా వీపు మీద ఒక్కటి చరిచి తానూ నవ్వింది. గట్టిగానే చరిచింది, ఇప్పటికీ మండుతోంది.

“ఆ ఎడమచెయ్యి నాకూ నేర్పవే” అన్నాను.

“నేర్పను.”

హాస్యానికేమో అనుకుని చూశాను. కాదు. మామూలు ముఖంతోనే అంది.

“ఎందుకు?”

“వొచ్చే ఏడాది మళ్లీ సెలెక్షన్ ఉంటాది. చాందినిని ఎవరూ కదపలేరు. మిగిలింది ఒక్క చోటు. నాకు నీ తోటే గదే పోటీ” అని లేచి, బట్టలకి అంటిన దుమ్ము దులుపుకుని బంతి తీసుకుంది.

బూట్ల లేసు రెండు ముడులు వెయ్యడం నాకు అక్కే నేర్పింది. మోకాలు చెక్కుకోకుండా పడటం నేర్పింది. వరండాలో అమ్మ వినకుండా డ్రిబుల్ చెయ్యడం, రిఫరీ చూడకుండా మోచెయ్యి పెట్టడం, ఓడిపోయాక ఏడవకుండా ఎదుటివాళ్లతో చెయ్యి కలపడం, అన్నీ అడక్కముందే నేర్పింది. నేను ఎంత నేర్చుకున్నా తనకేమీ కాదని దాని ధైర్యం. ఇవాళ మొదటిసారి నేర్పనంది.

లిస్టు చూసిన రోజు కూడా నాకు ఏడుపు రాలేదు. ఇది రాస్తుంటే వస్తోంది. అక్కకి నేనంటే భయం. జూన్ నుంచి భయం. నాకు ఒక్క ముక్క చెప్పలేదు, పిసినారిది.